లోకల్ ప్లాన్: ఇంగ్లాండ్‌లో కౌన్సిల్ ఉచితంగా ఇచ్చే ఈ సేవ ఇల్లు కొనేవాళ్లకు ఎంత పనికొస్తుంది?

ఇంగ్లాండ్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్తే ఎస్టేట్ ఏజెంట్ నోట తరచూ వినిపించే మాట ఒకటి: "వెనకాల గ్రీన్ బెల్ట్, అక్కడ ఎవరూ కట్టలేరు." గ్రీన్ బెల్ట్ అంటే నగరాలు విస్తరించకుండా చుట్టూ కట్టడాలను పరిమితం చేసిన భూమి. ఏజెంట్ చెప్పిన ఆ ఒక్క మాట మీద ధర పెంచి మరీ కొనేవాళ్లు మనవాళ్లలో తక్కువేం కాదు. అది నిజమో కాదో పెన్నీ ఖర్చు లేకుండా తేల్చుకునే చోటు ఉంది. కొత్త ఇళ్లు ఎక్కడ రావాలో నిర్ణయించే లోకల్ ప్లాన్‌ను ప్లానింగ్ అధికారమున్న ప్రతి కౌన్సిల్‌లోనూ ప్లానింగ్ పాలసీ టీమ్ తయారుచేస్తుంది. ఆ ప్లాను, దాని మ్యాపు, వెనకున్న నివేదికలు, జనం అభిప్రాయాలు తీసుకునే కన్సల్టేషన్, అన్నీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. ఈ సమీక్ష ఆ సేవ గురించే. స్కాట్లండ్, వేల్స్‌లలో చట్టాలు వేరు కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లాండ్‌కే వర్తిస్తుంది.

ముందే మార్కులు వేసేస్తే: లోపలున్న సమాచారానికి అయిదుకి నాలుగున్నర, దాన్ని జనానికి చేర్చే తీరుకి రెండు. దాచినది దాదాపు ఏమీ లేదు. కాకపోతే అసలు నిర్ణయం జరిగే దశలో మామూలు మనిషికి కబురే అందదు, అందేసరికి ముక్కాలు పని అయిపోయి ఉంటుంది.

ముందు మీ కౌన్సిల్ ఏదో తేల్చుకోండి

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. పోస్టల్ అడ్రస్‌లో ఊరి పేరు ఒకటుంటే ప్లానింగ్ అధికారం ఇంకో కౌన్సిల్ చేతిలో ఉండొచ్చు. లోవర్ ఎర్లీ, వుడ్లీ వాళ్ల అడ్రస్‌లో రెడింగ్ అని ఉన్నా వాళ్ల లోకల్ ప్లాన్ వోకింగమ్ బరోది. కాల్కట్ వైపు వెళ్తే వెస్ట్ బర్క్‌షైర్‌ది. రెడింగ్ బరో మ్యాపు తెరిచి "మా వెనక పొలానికి ఏ రంగూ లేదు, హమ్మయ్య" అనుకుంటే, ఆ పొలం ఆ మ్యాపు హద్దులోనే లేదన్నమాట. ప్రభుత్వ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే మీ కౌన్సిల్ పేరు వస్తుంది, అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

రెండంచెల కౌన్సిళ్లున్న చోట లోకల్ ప్లాన్ రాసేది జిల్లా కౌన్సిల్. రోడ్లు, స్కూళ్లు చూసేది కౌంటీ కౌన్సిల్. పారిష్ కౌన్సిల్‌ను అభిప్రాయం అడుగుతారంతే, 2011 లోకలిజం చట్టం కింద నైబర్‌హుడ్ ప్లాన్ చేసుకుంటే తప్ప దానికి పెద్దగా పట్టు లేదు. లండన్‌లో బరో ప్లాన్‌తో పాటు మేయర్ లండన్ ప్లాన్ కూడా చదవాలి. ఇళ్లు వద్దని కౌంటీకి లేఖ రాస్తే మర్యాదగా జవాబు వస్తుంది, అక్కడితో సరి.

ఇళ్ల సంఖ్య ఎక్కణ్నుంచి వస్తుంది

ఎన్ని ఇళ్లు కావాలన్నది కౌన్సిలర్లు కూర్చుని ఊహించి చెప్పేది కాదు. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ ప్లానింగ్ విధానం మార్చినప్పుడు లెక్క కట్టే పద్ధతినీ మార్చింది. అంతకుముందు 2014 నాటి కుటుంబాల అంచనాలే ఆధారం. ఇప్పుడు ఆ కౌన్సిల్ పరిధిలో ఇప్పటికే ఉన్న ఇళ్లలో 0.8 శాతం మొదటి అంకె. దానిమీద ఇళ్ల ధరకీ జీతానికీ ఉన్న నిష్పత్తిని బట్టి, అయిదేళ్ల సగటు తీసుకుని, పెంపు వేస్తారు. నిష్పత్తి 5 దాటితేనే ఈ పెంపు. ఆ నిష్పత్తి లోంచి 5 తీసేసి, మిగిలినదాన్ని 5తో భాగించి, 0.95తో గుణించి, 1 కలిపితే వచ్చేది గుణకం.

ఉదాహరణకి 60,000 ఇళ్లున్న జిల్లా అనుకోండి. 0.8 శాతం అంటే 480. ఇంటి ధర జీతానికి పదింతలుంటే గుణకం 1.95. 480ని దాంతో గుణిస్తే ఏడాదికి 936 ఇళ్లు, పదిహేనేళ్ల ప్లాన్‌కి 14,040. ఈ లెక్క మీరే అయిదు నిమిషాల్లో వేసుకోవచ్చు, ఇళ్ల సంఖ్యా నిష్పత్తీ రెండూ ప్రభుత్వ గణాంకాల్లో దొరుకుతాయి. దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది: ఇళ్లు ఖరీదైన చోటే కొత్త ఇళ్ల ఒత్తిడి ఎక్కువ. మంచి స్కూళ్లు, లండన్‌కి రైలు, చుట్టూ పొలాలు అని మనవాళ్లు ఏరికోరి వెళ్లే జిల్లాలే ఈ లెక్కలో పైకొస్తాయి. దేశం మొత్తానికి ఇది ఏడాదికి సుమారు 3,70,000 ఇళ్లు. కన్సల్టేషన్‌లో "మాకిన్ని ఇళ్లెందుకు" అని రాసే లేఖలు అంతగా పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే, అంకె కౌన్సిల్‌ది కాదు. "ఎక్కడ" అన్నది మాత్రం కౌన్సిల్‌ది.

అసలు నిర్ణయం జరిగే చోటు

మొదటి మెట్టు కాల్ ఫర్ సైట్స్. మీ దగ్గర భూమి ఉంటే చెప్పండని కౌన్సిల్ ప్రకటన ఇస్తుంది. భూస్వాములు, బిల్డర్లు, వాళ్ల ఏజెంట్లు ఫారం నింపి ఎర్ర గీతతో హద్దులు గీసిన మ్యాపు జతచేస్తారు. యాజమాన్యం ఎవరిది, రోడ్డు ఎటు, ఎన్ని ఇళ్లు పడతాయి, ఎప్పటికి ఖాళీ అవుతుంది, ఇవీ అడిగేవి. మామూలు జనం ఈ ప్రకటనను చూడరు, చూసినా మనకేం సంబంధం అనుకుంటారు. కానీ అమ్మే ఉద్దేశం యజమానికి ఉందని బయటపడేది ఇక్కడే. భూమి అందుబాటులో లేకపోతే కౌన్సిల్ ఎంత కోరుకున్నా సాధారణంగా ఆ సైట్ ప్లాన్‌లోకి రాదు.

వచ్చిన సైట్లన్నిటినీ కలిపి భూమి లభ్యత అంచనా ఒకటి తయారవుతుంది. కౌన్సిల్‌ను బట్టి దాని పేరు షిలా అనో హెలా అనో ఉంటుంది. కనీసం 5 ఇళ్లు పట్టే సైట్లను ఇందులో చూడాలని ప్రభుత్వ మార్గదర్శకం. ఒక్కో సైట్‌కి ఒకటి రెండు పేజీలు, మూడు ప్రశ్నలు: అనువైనదేనా, అందుబాటులో ఉందా, కట్టడం ఆర్థికంగా సాధ్యమా. మొదటి అయిదేళ్లలో అయ్యేవి, 6 నుంచి 10లోపు అయ్యేవి, 11 నుంచి 15లోపు అయ్యేవి అని విడగొడతారు. ఈ సేవ మొత్తంలో విలువైన కాగితం ఏదంటే మా ఓటు దీనికే. ఇల్లు కొనేముందు ఒక్కటే చదివే ఓపికుంటే ఇదే చదవండి. జాబితాలో ఉన్నంత మాత్రాన ఇళ్లు వచ్చేసినట్టు కాదు, ఆ మాట కౌన్సిళ్లే సాధారణంగా మొదట్లో రాస్తాయి. జాబితాలో ఉండి, అందుబాటులో ఉందని రాసి ఉంటే మాత్రం యజమాని అమ్మడానికి సిద్ధమన్నట్టే.

తర్వాత వడపోత. వరద జోన్లు చూస్తారు. నది పొంగి మునిగే అవకాశం ఏడాదికి 1 శాతం, సముద్రమైతే 0.5 శాతం దాటితే అది జోన్ 3. తక్కువ ప్రమాదమున్న చోటు దొరుకుతుండగా ఎక్కువ ప్రమాదమున్న చోట ఇళ్లు పెట్టకూడదు. రక్షిత ప్రాంతాలు చూస్తారు. సర్రే, బర్క్‌షైర్, హాంప్‌షైర్‌లలో విస్తరించిన థేమ్స్ బేసిన్ హీత్స్ పక్షుల ఆవాసానికి 400 మీటర్లలోపు కొత్త ఇళ్లకు దాదాపు తలుపులు మూసినట్టే. 400 మీటర్ల నుంచి 5 కిలోమీటర్ల దాకా కట్టొచ్చు, కానీ జనం కుక్కల్ని తిప్పుకోవడానికి వేరే పచ్చని స్థలం, వెయ్యిమందికి కనీసం 8 హెక్టార్ల లెక్కన, సమకూర్చాలి. బ్రాక్నెల్, ఫ్లీట్ వైపు కొత్త కాలనీ పక్కన ఉన్నట్టుండి పెద్ద పార్కు వెలిస్తే దాని వెనక కారణం చాలావరకు ఈ లెక్కే.

ఇక గ్రీన్ బెల్ట్. ఇంగ్లాండ్ భూమిలో దాదాపు ఎనిమిదో వంతు మాత్రమే అది, లండన్ లాంటి కొన్ని నగరాల చుట్టూ గీసినది. కంటికి పచ్చగా కనిపించే ప్రతి పొలమూ గ్రీన్ బెల్ట్ కాదు. అయినా కూడా అది శాశ్వత కంచె కాదు, లోకల్ ప్లాన్ మార్చేటప్పుడు హద్దులు జరపొచ్చు. 2024 విధానం ప్రకారం గ్రీన్ బెల్ట్ తియ్యక తప్పకపోతే ముందు ఇప్పటికే కట్టడాలున్న నేల, తర్వాత గ్రే బెల్ట్, ఆ తర్వాతే మిగతాది. గ్రే బెల్ట్ అంటే గ్రీన్ బెల్ట్‌లోనే ఉంటూ ఊళ్లు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపడం లాంటి ముఖ్య ప్రయోజనాలకు పెద్దగా తోడ్పడని భూమి. పాత నర్సరీ, కారు పార్కు మాత్రమే అనుకోవద్దు, మామూలు గడ్డి మైదానం కూడా ఈ కోవలోకి రావొచ్చు. మీ పొలం ఏ కోవలో పడిందో గ్రీన్ బెల్ట్ రివ్యూ అనే నివేదికలో గడి గడికీ రాసి ఉంటుంది. ఏజెంట్ మాటకి జవాబు ఆ గడిలో ఉంది.

ఎందుకు ఎంచారో సైట్ పేజీలో దొరుకుతుంది కానీ, పక్క సైట్‌ను ఎందుకు కాదన్నారో తెలియాలంటే సస్టెయినబిలిటీ అప్రైజల్ (ప్లాన్ ప్రభావాల అంచనా నివేదిక) అనుబంధాలు తవ్వాలి. వందల పేజీలు, వెతుకుడు పెట్టెలో సైట్ నంబరు కొట్టి పట్టుకోవడమే దారి. ఈ తిరస్కరణ కారణాలు చదవడం తప్పనిసరి, ఎందుకంటే కాదన్న సైట్ పూర్తిగా పోదు, తర్వాతి ప్లాన్‌కి మళ్లీ వస్తుంది. "రోడ్డు సౌకర్యం చాలదు" అని తోసేసిన సైట్ పక్క పొలంతో కలిసి కొత్త రోడ్డుతో తిరిగొస్తే ఆ అభ్యంతరం నిలబడదు. "వరద జోన్ 3" అని తోసేసినది తిరిగి రావడం చాలా కష్టం.

మ్యాపు, పట్టికలు

పాలసీస్ మ్యాప్ ఈ సేవకి ముఖం. రంగు గీతల్లో ఊరి హద్దు, కేటాయించిన సైట్లు, గ్రీన్ బెల్ట్, సంరక్షణ ప్రాంతాలు అన్నీ ఉంటాయి. జూమ్ చేసి పొరలు తీసి పెట్టుకునే మ్యాపు ఇచ్చిన కౌన్సిల్‌లో పని సుఖం. కొన్నిచోట్ల ఇంకా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే దిక్కు. ఎక్కడైనా గమనించాల్సినవి రెండు. ఒకటి, మ్యాపు మీద తేదీ. ఆమోదించిన పాత ప్లాన్ మ్యాపు, ముసాయిదాలో ఉన్న కొత్త మ్యాపు రెండూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి, ఇల్లు కొనేవాళ్లకు కావాల్సింది ఆ కొత్త మ్యాపు. రెండోది, సేఫ్‌గార్డెడ్ ల్యాండ్ అన్న పొర. పేరు చూసి భద్రంగా కాపాడే భూమి అనుకునేవాళ్లున్నారు. అది తర్వాతి ప్లాన్‌లో ఇళ్లకోసం గ్రీన్ బెల్ట్ నుంచి ముందే తప్పించి పక్కన పెట్టిన భూమి.

మ్యాపుకన్నా ఎక్కువ చెప్పే పట్టికలు ప్లాన్ వెనక అనుబంధాల్లో రెండున్నాయి. హౌసింగ్ ట్రాజెక్టరీలో ఏ సైట్‌లో ఏ ఏడాది ఎన్ని ఇళ్లు పూర్తవుతాయో వరసగా ఉంటుంది, అంటే మీ వీధిలో లారీలు ఎప్పుడు మొదలవుతాయో అన్నమాట. ఆ అంకెలు బిల్డర్లు ఆశపడి ఇచ్చినవి, పెద్ద సైట్లు చాలాసార్లు ఆలస్యమవుతాయి, ఆ తేదీలకు కాస్త ఆలస్యం కలుపుకుని చదువుకోండి. రెండోది ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ డెలివరీ ప్లాన్. కొత్త ప్రైమరీ స్కూల్, జీపీ సర్జరీ (డాక్టరు క్లినిక్), జంక్షన్ మార్పులు, ఎవరి డబ్బు, ఎప్పటికి. వన్ ఫారమ్ ఎంట్రీ స్కూల్ అంటే తరగతికి 30 మంది, ఏడు తరగతులకు 210 మంది. "స్కూల్ వస్తుంది" అన్న బ్రోచర్ మాటను ఇక్కడ సరిచూసుకోండి. ఆ తర్వాత సెక్షన్ 106 ఒప్పందం (అనుమతి కోసం బిల్డర్ కౌన్సిల్‌కి ఇచ్చే హామీల పత్రం) తెరిస్తే ఎన్నో ఇంట్లో జనం దిగేలోపు స్కూల్ స్థలం అప్పగించాలో కచ్చితమైన అంకె ఉంటుంది. చాలా కాలనీల్లో ఆ అంకె మొదటి ఇళ్లవాళ్లకు నచ్చేది కాదు. బిల్డర్ల నుంచి వచ్చిన సొమ్ము ఎటు పోయిందో చెప్పే నివేదిక ఏటా డిసెంబరు 31లోపు పెట్టాలి. చదివేవాళ్లు తక్కువ, ఉపయోగం ఎక్కువ.

కన్సల్టేషన్: బలహీనమైన భాగం

ప్రస్తుతం పరీక్షలో ఉన్న చాలా ప్లాన్లు 2012 నిబంధనల కింద నడుస్తున్నాయి. అందులో రెండు విడతలు: రెగ్యులేషన్ 18, రెగ్యులేషన్ 19. 18 దశలో కౌన్సిల్ మనసు ఇంకా తెరిచి ఉంటుంది, సైట్లు మారతాయి, మామూలు భాషలో రాసినా చదువుతారు. 19 దశలో కౌన్సిల్ తన ప్లాన్ ఇదేనని ఖాయం చేసుకుని కనీసం ఆరు వారాలు అభిప్రాయాలు తీసుకుంటుంది. అప్పుడు అడిగేది నచ్చిందా లేదా అని కాదు. చట్టం ప్రకారం జరిగిందా, ప్లాన్ నాలుగు పరీక్షలకు నిలుస్తుందా: అవసరానికి సరిపడా ఉందా, ఆధారాలతో సమర్థించగలరా, అమలవుతుందా, జాతీయ విధానానికి లోబడి ఉందా. విషాదం ఏమిటంటే జనంలో కదలిక వచ్చేది ఈ రెండో దశలోనే. వాట్సాప్‌లో మెసేజ్ తిరిగి, అందరూ ఒకే లేఖను కాపీ చేసి పంపిస్తారు. కేంద్ర ప్రభుత్వం తరఫున ప్లాన్‌ను పరీక్షించే ఇన్‌స్పెక్టర్ లేఖల్ని తూకం వెయ్యడు, అందులో ఉన్న వాదనల్ని చూస్తాడు.

పనిచేసే లేఖ ఒక పేజీకి మించక్కర్లేదు. ఏ పాలసీ లేదా సైట్ నంబరు, నాలుగు పరీక్షల్లో దేనికి నిలవదు, ఏ ఆధారం వల్ల, ప్లాన్‌లో ఏ మాట ఎలా మార్చాలి. చివరిది మర్చిపోవద్దు, రెగ్యులేషన్ 19లో మార్పు కోరినవాళ్లకే ఇన్‌స్పెక్టర్ ముందు మాట్లాడే హక్కుంటుంది. ఇంటి ధర పడిపోతుంది, కిటికీలోంచి పొలం కనపడదు, బిల్డర్ లాభపడతాడు, ఈ మూడూ లెక్కలోకి రావు. ట్రాఫిక్ లెక్కలోకి వస్తుంది, కానీ రోడ్డు భద్రతకి ఆమోదించలేనంత ముప్పు గానీ రోడ్ల మీద తీవ్రమైన ప్రభావం గానీ ఉంటేనే ఆ కారణంతో ఆపాలని జాతీయ విధానం. "ఉదయం జామ్ అవుతుంది" అని రాస్తే సరిపోదు. కౌన్సిల్ ట్రాన్స్‌పోర్ట్ నమూనాలో ఏ జంక్షన్‌ను వదిలేశారో చూపిస్తే పలుకుతుంది.

ఇక ఆన్‌లైన్ పోర్టల్. ఖాతా తెరవమంటుంది, ఒక్కో పాలసీకి విడిగా పెట్టె, మధ్యలో సెషన్ పోతే రాసిందంతా గాలికి. అది వాడక తప్పదన్నట్టు పేజీ కనిపిస్తుంది గానీ ఈమెయిల్‌లో పంపినా, పోస్టులో పంపినా అంతే విలువ. వేరే ఫైల్‌లో రాసుకుని ఈమెయిల్ చెయ్యడమే మేలు. గడువు చాలాచోట్ల చివరి రోజు సాయంత్రం 5 గంటలకే, అర్ధరాత్రి దాకా అనుకోవద్దు. పేరు బయటికి ప్రచురిస్తారు. అద్దెకున్నవాళ్లు, వీసా మీద ఉన్నవాళ్లు కూడా నిక్షేపంగా రాయొచ్చు, పౌరసత్వంతో పని లేదు. ఈ మాట పోర్టల్‌లో పెద్ద అక్షరాల్లో పెట్టి ఉంటే బాగుండేది.

ప్లాన్ ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి వెళ్లాక కథంతా ఎగ్జామినేషన్ లైబ్రరీ అనే పేజీలో నడుస్తుంది. వందల ఫైళ్లు, కోడ్ నంబర్లు. వాటిలో ముందు తెరవాల్సింది ఇన్‌స్పెక్టర్ అడిగిన ప్రశ్నల పత్రం. ఏ సైట్ మీద ప్రశ్నలు ఎక్కువున్నాయో ఆ సైట్ ఊగిసలాటలో ఉన్నట్టు. సందేహాలకు ఈ పరీక్ష ఏర్పాట్లు చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి రాయండి, ఈ సేవ మొత్తంలో అడిగినదానికి సూటిగా జవాబిచ్చే మనిషి తరచూ ఆయనో ఆవిడో. తర్వాత ప్రధాన సవరణలు, వాటిమీద మళ్లీ కన్సల్టేషన్, ఇన్‌స్పెక్టర్ నివేదిక, చివరికి కౌన్సిల్ పూర్తి సమావేశంలో ఓటు. ఆమోదించాక కోర్టుకెళ్లాలంటే గడువు ఆరు వారాలే.

ప్లాన్ లేకపోతే ఏమవుతుంది

ఇన్ని మెట్లు ఎక్కలేక చతికిలబడ్డ కౌన్సిళ్లున్నాయి. సెయింట్ ఆల్బన్స్ 1994 నాటి ప్లాన్‌తోనే దశాబ్దాలు నెట్టుకొచ్చింది, మధ్యలో తెచ్చిన ముసాయిదాను 2020లో వెనక్కి తీసుకుంది. యార్క్ నగరం పూర్తి స్థాయి లోకల్ ప్లాన్‌ను ఆమోదించింది 2025లో, దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత. ప్లాన్ రాకపోతే ఇళ్లు రావని కొందరు కౌన్సిలర్లు ఓటర్లకు చెప్పుకుంటారు. జరిగేది దానికి తలకిందులు.

రాబోయే అయిదేళ్లకు సరిపడా సైట్లు ఉన్నాయని కౌన్సిల్ చూపించాలి, దానిమీద 5 శాతం అదనంగా. గత మూడేళ్లలో కట్టాల్సినవాటిలో 85 శాతం కూడా కట్టకపోతే ఆ అదనం 20 శాతమవుతుంది. 75 శాతం దాటకపోయినా, అయిదేళ్ల సరఫరా చూపలేకపోయినా త్రాసు బిల్డర్ వైపు మొగ్గుతుంది. అనుమతి ఇస్తే కలిగే నష్టం లాభం కంటే స్పష్టంగా, చాలా ఎక్కువగా ఉంటే తప్ప అనుమతి ఇవ్వాల్సిందే. వరద ముప్పు, రక్షిత ఆవాసాలు, గ్రీన్ బెల్ట్ వంటి చోట్ల బలమైన కారణముంటే దీన్నుంచి మినహాయింపు దొరుకుతుంది, గ్రే బెల్ట్‌కి ఆ రక్షణ పలచన. కౌన్సిల్ కాదన్నా బిల్డర్ అప్పీల్‌కి వెళ్తాడు, గెలిచే అవకాశాలూ బాగానే ఉంటాయి. అందుకే మ్యాపులో మీ వెనక పొలానికి ఏ రంగూ లేదని ఊరుకోకుండా, అదే వెబ్‌సైట్‌లో అయిదేళ్ల సరఫరా ప్రకటన తెరిచి చూడండి. అంకె 5 కంటే తక్కువుంటే మ్యాపు మీద నమ్మకం సగానికి తగ్గించుకోవాలి. ఈ ప్రకటనను ముందు పేజీలో పెట్టకుండా మానిటరింగ్ రిపోర్టుల అడుగున పడేసే అలవాటుకి మేము మార్కులు కోసేశాం.

సొలిసిటర్ సెర్చ్‌తో సరిపోదా

సరిపోదు. కొనేటప్పుడు సొలిసిటర్ చేయించే లోకల్ సెర్చ్‌లో సీఓఎన్29 ఫారం మీరు కొనే ఆస్తి గురించే చెబుతుంది, పక్క పొలంలో పడిన దరఖాస్తుల గురించి కాదు. చుట్టుపక్కల 200 మీటర్లలోపు కొత్త రోడ్డు, రైలు పథకాల గురించి అడుగుతుంది కాబట్టి అన్నీ అడిగేసిందని భ్రమ కలుగుతుంది. చుట్టుపక్కల ప్లానింగ్ సెర్చ్ విడిగా డబ్బు కట్టి తీసుకోవాలి, లేదా కౌన్సిల్ ప్లానింగ్ రిజిస్టర్‌లో మ్యాపు మీద మీరే ఉచితంగా చూసుకోవాలి.

రిజిస్టర్‌లో దరఖాస్తు రకాన్ని బట్టి పని ఏ దశలో ఉందో పోల్చుకోవచ్చు. ఔట్‌లైన్ అంటే ఇళ్లు కట్టొచ్చా అన్న సూత్రం తేలుతోంది, ఎదిరించాలంటే అసలు సమయం అది. రిజర్వ్‌డ్ మ్యాటర్స్ అంటే సూత్రం తేలిపోయింది, మిగిలింది ఇళ్ల ఆకారం, చెట్లు, లేఅవుట్. షరతుల డిశ్చార్జ్ (అనుమతికి పెట్టిన షరతులు తీర్చామని చూపే) దరఖాస్తులు వరసగా పడుతుంటే పని మొదలవబోతున్నట్టే. అన్నిటికంటే ముందొచ్చే సంకేతం ఈఐఏ స్క్రీనింగ్ విన్నపం. 150 ఇళ్లు లేదా 5 హెక్టార్లు దాటే కాలనీకి పర్యావరణ నివేదిక కావాలా అని బిల్డర్ అడిగే కాగితం ఇది, దరఖాస్తుకి నెలల ముందే కనిపించొచ్చు. పక్కింటివాళ్లకు కౌన్సిల్ ఉత్తరం పంపేది దరఖాస్తు పడ్డాకే, అప్పుడు వ్యాఖ్యలకు దొరికేది మామూలుగా 21 రోజులు.

పొలం యజమాని బిల్డర్‌తో ఆప్షన్ ఒప్పందం (తర్వాత కొనే హక్కు ముందే ఇచ్చేది) చేసుకున్నాడేమో తెలియాలంటే ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లు కట్టి టైటిల్ రిజిస్టర్ తీయండి. 2024 డిసెంబరు దాకా అది 3 పౌండ్లే. ఆప్షన్ ఉంటే తరచూ అందులో నోటీసుగా నమోదై ఉంటుంది. ఈ సమీక్ష మొత్తంలో డబ్బు పెట్టమని చెప్పేది ఇక్కడొక్కచోటే.

ప్లాట్లు కొనేవాళ్లకు

హైదరాబాద్ అలవాటుతో ఇక్కడ లెక్కేసేవాళ్లకు ఒక తేడా గట్టిగా చెప్పాలి. హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు రెసిడెన్షియల్ జోన్‌లో ఉంటే, నియమాల ప్రకారం లేఅవుట్‌కి వెళ్లే దారి తెరిచినట్టే. ఇంగ్లాండ్‌లో 1947 చట్టంతో భూమిని అభివృద్ధి చేసే హక్కు యజమాని చేతి నుంచి పోయింది. లోకల్ ప్లాన్‌లో సైట్‌ను ఇళ్లకు కేటాయించినా సాధారణంగా అది అనుమతి కాదు, విడిగా దరఖాస్తు, విడిగా నిర్ణయం. హైదరాబాద్ జంట జలాశయాల చుట్టూ కట్టడాలను నియంత్రించిన జీవో 111 ఎత్తేస్తారన్న ఆశతో 84 గ్రామాల పరిధిలో భూములు కొన్న మనస్తత్వాన్ని ఇక్కడ అమ్మజూపే కంపెనీలున్నాయి. ఊరిబయట పొలాన్ని చిన్న ప్లాట్లుగా కోసి, "త్వరలో ప్లానింగ్ వస్తుంది, పదింతలు" అని వలస వచ్చినవాళ్లకి, విదేశాల్లో ఉన్నవాళ్లకి అంటగడతారు. ఈ ల్యాండ్ బ్యాంకింగ్ మోసాల గురించి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ హెచ్చరించింది. అలాంటి బ్రోచర్ చేతికొస్తే మూడు చూడండి: ఆ పొలం షిలా జాబితాలో ఉందా, ఉంటే ఎందుకు కాదన్నారు, టైటిల్ ఎంతమంది పేర్ల మీద ముక్కలైంది. యజమానులు వందమందైన పొలం అందుబాటులో ఉందని నిరూపించడం దాదాపు అసాధ్యం కాబట్టి, ముక్కలు చెయ్యడంతోనే అది ఇళ్లకు పనికిరాకుండా పోతుంది.

ఇప్పుడే చూసుకోవడానికి ఇంకో కారణం ఉంది. పాత పద్ధతిలో ప్లాన్లు సమర్పించడానికి ప్రభుత్వం పెట్టిన గడువు 2026 డిసెంబరు, ఆ తర్వాతివన్నీ 30 నెలల్లో ముగించాల్సిన కొత్త పద్ధతిలోకి వెళ్తాయి. దానికి తోడు రెండంచెల జిల్లాల్లో కౌన్సిళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. సర్రేలో 2027 ఏప్రిల్ నుంచి తూర్పు, పడమర అని రెండే కౌన్సిళ్లు ఉండనున్నాయి. కౌన్సిళ్లు కలిసినప్పుడు వెబ్‌సైట్లు మారతాయి, పాత లింకులు చచ్చిపోతాయి. మీ వీధికి సంబంధించిన సైట్ అసెస్‌మెంట్ పేజీలు, గ్రీన్ బెల్ట్ రివ్యూ గడి, ట్రాజెక్టరీ పట్టిక ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి, ఫైల్ పేరులో తేదీ రాసి పెట్టుకోండి. కన్సల్టేషన్ కబుర్లు అందడానికి కౌన్సిల్ డేటాబేస్‌లో చేసుకున్న ఈమెయిల్ నమోదు కూడా కౌన్సిల్ మారాక మళ్లీ చేసుకోవాల్సి రావొచ్చు.